రెండో వారంలోనే చేప ఎందుకు చస్తుంది: కొత్త ట్యాంకు, సంపు నీళ్ళు, టెస్ట్ కిట్

కొత్త ఫిష్ ట్యాంకు పెట్టిన పది పన్నెండు రోజులకి ఒక చేప తేలితే మన ఇళ్ళల్లో వచ్చే మొదటి మాట, "పోనీలే, ఇంటి మీదున్న దిష్టి అది తీసుకుపోయింది" అని. వాస్తు చేప అని కొనే అరోవానా అయితే ఇంకా గట్టిగా అంటారు. ఆ మాటతో మనసుకి ఊరట దొరుకుతుంది నిజమే, కానీ దిష్టి తీసుకుపోయిందన్నాక ఆ చేప ఎందుకు చచ్చిందో ఇంక ఎవరూ వెతకరు, ఆదివారం షాపుకెళ్ళి ఇంకోటి తెచ్చి అదే నీళ్ళలో వేస్తారు, అదీ పోతుంది, అప్పుడు "షాపువాడు రోగం చేప అంటగట్టాడు" అంటారు. నిజంగానే అంటగట్టి ఉండొచ్చు, అది వేరే సంగతి. కానీ చావు సరిగ్గా రెండో వారంలోనే ఎందుకొస్తోంది, మొదటి రోజు ఎందుకు రాలేదు, నాలుగో నెలలో ఎందుకు రావట్లేదు అని అడిగితే దానికి జవాబు దిష్టిలోనూ లేదు షాపులోనూ లేదు, నీళ్ళలో ఉంది. మొదటి రోజు నీళ్ళు పన్నెండో రోజు నీళ్ళు ఒకటి కావు, చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా తేటగా ఉంటాయి.

చేప తిన్న మేతలో ప్రోటీన్ ఉంటుంది, అది అరిగాక మిగిలే నైట్రోజన్‌ని మనుషుల్లాగా యూరియా చేసి కాదు, చాలావరకు మొప్పల్లోంచే అమ్మోనియాగా నీళ్ళలోకి వదిలేస్తుంది. అడుగున పడి కుళ్ళే మేత, చేపల పెంట కూడా చివరికి అమ్మోనియానే అవుతాయి. చెరువులో అయితే అంత నీళ్ళలో ఎక్కడో కలిసిపోతుంది, రెండడుగుల గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని తినే బ్యాక్టీరియా ఉండాలి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది, మొదటి రెండూ చేపకి విషం, మూడోది కొంచెం పేరుకున్నా వారం వారం నీళ్ళు మార్చి తీసేయొచ్చు. సమస్య ఏంటంటే ఈ బ్యాక్టీరియా చాలా మెల్లగా పెరుగుతుంది, కుళ్ళబెట్టే మామూలు బ్యాక్టీరియా మంచి తిండి దొరికితే గంటలోపే రెట్టింపైపోతుంటే వీటికి రోజు దాకా పడుతుంది. అందుకే కొత్త ట్యాంకులో మొదటి మూడు నాలుగు రోజులు చేపలు హుషారుగా తిరుగుతాయి, ఇంట్లో పిల్లలు అరగంటకోసారి మేత వేస్తారు, వారం దాటేసరికి అమ్మోనియా ఎక్కుతుంది, అది దిగే టైముకి నైట్రైట్ ఎక్కుతుంది, రెండూ సున్నాకి వచ్చేసరికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. హాబీలో ఉన్నవాళ్ళు దీన్నే ట్యాంకు సైకిల్ అవ్వడం అంటారు.

ఇది ఏదో ఫారిన్ హాబీ వాళ్ళు కనిపెట్టిన చాదస్తం అనుకునేవాళ్ళు భీమవరం, కైకలూరు వైపు చెరువులు చేసే రైతుని ఒక్కసారి అడిగితే చాలు. అమ్మోనియా ఎంత, నైట్రైట్ ఎంత, ఆల్కలినిటీ (నీళ్ళు పులుపెక్కకుండా ఆపే గుణం) ఎంత అని బాటిల్‌లో నీళ్ళు పట్టుకుని ల్యాబుకి తిరగడం అక్కడ రోజువారీ పని, ఎందుకంటే అక్కడ పంట పోతే లక్షలు పోతాయి. అదే తెలుగువాళ్ళు హైదరాబాద్ ఫ్లాట్‌లో ట్యాంకు పెట్టుకునేసరికి మాత్రం లైటు ఏ రంగు, వెనక పోస్టర్ ఏది అన్న దాని దగ్గరే ఆగిపోతున్నారు, అదే విచిత్రం.

ఇంకో తొందర ముహూర్తానిది. గృహప్రవేశం రోజుకి ట్యాంకు రెడీగా ఉండాలి, ఈశాన్యంలోనో ఉత్తరంలోనో పెట్టాలి, ఎనిమిది గోల్డు ఒకటి నల్లది మొత్తం తొమ్మిది గోల్డ్‌ఫిష్ ఉండాలి, ఇదంతా ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు గుర్తొస్తుంది. గోల్డ్‌ఫిష్ అంటే మామూలు తిండిపోతు కాదు, అమ్మోనియా వదలడంలో చిన్న చేపలన్నిట్లోకీ ముందుంటుంది, పైగా పెరిగితే జానెడు దాటుతుంది, అలాంటివి తొమ్మిదింటిని బ్యాక్టీరియా లేని రెండడుగుల ట్యాంకులో వేస్తే పదో రోజు ఏమవుతుందో చెప్పడానికి పంచాంగం అక్కర్లేదు. ముహూర్తానికి ట్యాంకు పెట్టి నీళ్ళు నింపి మొక్కలు వేసి లైటు వెలిగించొచ్చు, చుట్టాలకి అదే చాలా అందంగా ఉంటుంది, చేపలు నెలన్నర తర్వాత వస్తే వాస్తుకి వచ్చిన నష్టమేమీ లేదు.

ఇప్పుడు హైదరాబాద్ సంగతికొస్తే ఇక్కడ అసలు చిక్కు "మా ఊరి నీళ్ళు ఇలా ఉంటాయి" అని ఒక్క మాటలో చెప్పలేకపోవడం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఒకప్పుడు ఊరికి సరిపోయాయి, తర్వాత మంజీరా, సింగూరు, ఆ తర్వాత నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా, ఎల్లంపల్లి నుంచి గోదావరి, ఇన్ని చోట్ల నుంచి పైపులు వస్తున్నాయి. ఇవి చాలనట్టు చాలా అపార్ట్‌మెంట్లలో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తే మధ్యలో బోరు నడుస్తుంది, ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకర్ వస్తుంది, అన్నీ ఒకే సంపులో పడి, అక్కడి నుంచి పైన ట్యాంకుకెక్కి, మన బాత్రూమ్ కుళాయిలోకి దిగుతాయి. సోమవారం పట్టిన బకెట్‌కి గురువారం పట్టిన బకెట్‌కి టీడీఎస్, అంటే కరిగిన ఉప్పుల లెక్క, సగానికి సగం తేడా రావచ్చు. అందుకే పక్క వీధిలో ఫ్రెండు ట్యాంకు బ్రహ్మాండంగా నడుస్తోంది అంటే దాన్ని బట్టి మన నీళ్ళ గురించి తేలేదేమీ లేదు, ఆ రోజు మన సంపులో ఏముందో అదే మన నీళ్ళు. టెస్టు ట్యాంకుతో కాదు, కుళాయితో మొదలుపెట్టాలి అనేది అందుకే.

నల్లా నీళ్ళలో మొదటి శత్రువు క్లోరిన్. తాగే నీళ్ళకి ఉన్న భారతీయ ప్రమాణం ప్రకారం ఇంటి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి, మనకి అది రక్షణ, కానీ అదే 0.2 చేప మొప్పల్ని కాలుస్తుంది, ఫిల్టర్‌లో ఇప్పుడిప్పుడే పుడుతున్న బ్యాక్టీరియానీ దెబ్బతీస్తుంది. వానాకాలంలో నల్లా తిప్పగానే వాసన ముక్కుకి తగిలే రోజులు ఉంటాయి. దానికంటే ఎవరూ పట్టించుకోని ఇంకో ప్రమాదం, అపార్ట్‌మెంట్ వాళ్ళు సంపు కడిగించి బ్లీచింగ్ పౌడర్ వేసే రోజు. ఆ రోజు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతారు, ఎవరూ చదవరు, ఆ సాయంత్రమే ట్యాంకులో సగం నీళ్ళు మారుస్తారు. క్లోరిన్ మాత్రమే అయితే వెడల్పాటి టబ్బులో ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు వదిలేస్తే చాలావరకు ఎగిరిపోతుంది. ఓపిక లేకపోతే షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కలు ఉన్నాయి, వాటిల్లో చాలా వాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేట్, ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో హైపో అని వాడిన అదే పదార్థం. ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌కి దాదాపు 7 మిల్లీగ్రాముల హైపో చాలు కాబట్టి చిన్న ట్యాంకుకి చిటికెడు కూడా ఎక్కువే అవుతుంది.

బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు, అందుకని బోరే సేఫ్ అనుకుంటారు, దాని లెక్క దానికుంది. హైదరాబాద్ కింద ఉన్నదంతా గ్రానైట్ రాయి, ఆ పగుళ్ళలోంచి వచ్చే నీళ్ళు చాలా ఏరియాల్లో గట్టిగా (హార్డ్ వాటర్) ఉంటాయి, గీజర్‌లో, బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఉప్పు చూస్తేనే తెలుస్తుంది. గట్టి నీళ్ళు అంటే వెంటనే భయపడక్కర్లేదు, గప్పీలు, మాలీలు, ప్లాటీలు, గోల్డ్‌ఫిష్ అందులో హాయిగా ఉంటాయి, డిస్కస్ లాంటి మెత్తటి నీళ్ళ చేపలకి మాత్రం పనికిరాదు. బోరులో అసలు చూడాల్సినవి రెండు. ఒకటి, లోపలి నుంచి వచ్చే నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అప్పుడే పట్టి టెస్ట్ చేస్తే పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7 చూపించి, గ్లాసులో ఒక రోజు ఉంచి మళ్ళీ చూస్తే 8 చూపించొచ్చు, ఆ గాలి బయటికి పోయింది కాబట్టి. ట్యాంకులో ఉండబోయేది ఆ రెండో అంకె, కానీ అందరూ రాసుకునేది మొదటిది. రెండోది నైట్రేట్. డ్రైనేజీ భూమిలోకి ఇంకే నగరాల్లో బోరు నీళ్ళలోనే నైట్రేట్ ఉండటం మామూలు, మనుషులు తాగే నీళ్ళకే పరిమితి లీటరుకి 45 మిల్లీగ్రాములు, ట్యాంకులో 40 దాటకుండా చూసుకోమంటారు. అంటే బోరు నీళ్ళు తెచ్చిన రోజే ట్యాంకు గీత దగ్గర ఉండొచ్చన్నమాట. అది తెలియక "నైట్రేట్ కనిపిస్తోంది, ట్యాంకు సైకిల్ అయిపోయింది" అని మూడో రోజే చేపలు తెచ్చేసేవాళ్ళు ఉన్నారు. ఆ నైట్రేట్ ట్యాంకులో పుట్టలేదు, బోరు నుంచి వచ్చింది.

ఇదంతా ఎందుకు, ఆర్ఓ నీళ్ళు పోసేస్తే పోలా అనే ఆలోచన రానివాళ్ళు ఉండరు. ఆర్ఓ మెషిన్ అమ్మడానికి వచ్చినవాడు టీడీఎస్ పెన్ను ముంచి "చూడండి మేడం 600" అని భయపెట్టి పోయిన దగ్గర్నుంచి మన ఇళ్ళల్లో నీళ్ళ మంచి చెడ్డలన్నీ ఆ పెన్నుతోనే తేలుతున్నాయి. ఆ పెన్ను కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చెప్తుంది అంతే, అమ్మోనియా ఉందా క్లోరిన్ ఉందా అనేది దానికి తెలీదు, అందులో 40 చూపించే నీళ్ళలో చేప నిక్షేపంగా చావగలదు. ఆర్ఓ నీళ్ళలో ఇంకో ఇబ్బంది, ఆల్కలినిటీ దాదాపు పోతుంది. బ్యాక్టీరియా ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని నైట్రేట్ చేయాలంటే 7 మిల్లీగ్రాములకి పైగా ఆల్కలినిటీ ఖర్చవుతుంది, అది లేని నీళ్ళలో పీహెచ్ పడిపోతుంది, 6.5 కిందకి పోతే ఆ బ్యాక్టీరియా పనే మందగిస్తుంది, అప్పుడు వారాల తరబడి ట్యాంకు సైకిల్ అవ్వట్లేదని తల పట్టుకోవాల్సి వస్తుంది. బోరు మరీ గట్టిగా ఉంటే సగం ఆర్ఓ కలపడం మంచి పద్ధతే, పూర్తిగా క్యాన్ నీళ్ళతో నింపడం మాత్రం డబ్బులిచ్చి చిక్కు కొనుక్కోవడం.

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పెద్ద కమ్యూనిటీల్లో సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటుంది, అది కాల్షియం మెగ్నీషియం తీసి వాటి బదులు సోడియం పెడుతుంది, టీడీఎస్ పెద్దగా తగ్గదు, సబ్బు బాగా నురగొస్తుంది, చేపకి కావాల్సిన కాల్షియం మాత్రం పోతుంది. అక్కడ ఉండేవాళ్ళు సాఫ్ట్‌నర్‌కి ముందు పైపు నుంచి నీళ్ళు దొరుకుతాయేమో ప్లంబర్‌ని అడగడం నయం.

నీళ్ళని మార్చేది కుళాయి ఒక్కటే కాదు, లోపల వేసే రాయి కూడా. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు బండ ముక్కలు కడిగి గుహలాగా పేర్చేవాళ్ళు చాలామంది, బాగుంటుంది కూడా, కానీ తాండూరు, షాబాద్ బండలు సున్నపురాయి జాతి, నీళ్ళలో మెల్లగా కరుగుతూ గట్టిదనం, పీహెచ్ పెంచుతూనే ఉంటాయి. తెల్ల మార్బుల్ చిప్స్ కూడా అంతే. రాయి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేసి బుడగలొస్తే అది ఆ జాతిదే. నగరం చుట్టూ ఎక్కడ చూసినా కనిపించే గ్రానైట్ రాయికి ఆ బాధ లేదు, బాగా కడిగి వేసుకోవచ్చు.

ట్యాంకు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొత్త సిలికాన్ పులుపు వాసన పోయేదాకా ఆగాలి, సబ్బు ముట్టించకూడదు, కింద థర్మోకోల్ షీటు వేయాలి, ఒక రోజు నీళ్ళు నింపి కారుతుందేమో చూసుకోవాలి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు లెక్క ప్రకారం 56 లీటర్లు, గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నికరంగా 45 లీటర్లు ఉంటాయి. మందు డోసైనా, చేపల సంఖ్యైనా ఈ 45 మీదే లెక్క వేయాలి.

ఇక చేపలు లేకుండా ట్యాంకు సైకిల్ చేయడం. బ్యాక్టీరియా పెరగాలంటే దానికి అమ్మోనియా కావాలి, ఆ అమ్మోనియాకి చేపనే బలి ఇవ్వాలన్న రూలు లేదు. పాత పద్ధతి రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వడం, లేదా ఒక రొయ్య ముక్క గుడ్డలో కట్టి వేలాడదీయడం, పని అవుతుంది గానీ వాసన, ఎంత అమ్మోనియా వస్తోందో లెక్క ఉండదు. లెక్కగా కావాలంటే అమోనియం క్లోరైడ్. మనకి ఇది కొత్త వస్తువేం కాదు, ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాళ్ళు వాడే నవసారం ఇదే, పేపర్లో నాటుసారా బట్టీల మీద దాడి వార్తల్లో బెల్లం పక్కన కనిపించే పేరు కూడా ఇదే. బజారు సరుకులో ఏమేం కలిసి ఉంటాయో కాబట్టి ల్యాబ్ కెమికల్ షాపులో శుద్ధమైనది కొనడం మంచిది. 10 గ్రాములు ఒక లీటరు నీళ్ళలో కరిగించి పెట్టుకుంటే, 45 లీటర్ల ట్యాంకులో 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా రావడానికి అందులో 28 మిల్లీలీటర్లు సరిపోతాయి, మెడికల్ షాపు సిరంజితో కొలవొచ్చు. అది సున్నాకి దిగేదాకా ఆగి మళ్ళీ వేయడం, అంతే. మొదటిసారి దిగడానికి వారం పది రోజులు పట్టినా కంగారు పడక్కర్లేదు. చివరికి ఈ రోజు 2 పీపీఎం వేస్తే రేపు ఇదే టైముకి అమ్మోనియా సున్నా, నైట్రైట్ కూడా సున్నా రావాలి, అది వచ్చిన రోజే ట్యాంకు రెడీ. నైట్రైట్ సున్నా అనేది ముఖ్యం, ఎందుకంటే అమ్మోనియా దిగగానే సంబరపడి చేపలు వేసినవాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు.

మధ్యలో రెండో మూడో రోజు నీళ్ళు పాలు కలిపినట్టు అవుతాయి. అది కుళ్ళబెట్టే మామూలు బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం, దానంతటదే పోతుంది. అది చూసి నీళ్ళన్నీ పారబోసి ట్యాంకు తోమి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు ప్రతిసారీ ఒకటో రోజుకే వస్తుంటారు.

ఈ నెలన్నర తగ్గించుకునే దారి ఒకటుంది, బాగా నడుస్తున్న పాత ట్యాంకు నుంచి స్పాంజ్ ఫిల్టర్ అడిగి తెచ్చుకోవడం. బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండేది తక్కువ, స్పాంజిని, రాళ్ళని అంటిపెట్టుకునే ఉంటుంది, కాబట్టి "పాత ట్యాంకు నీళ్ళు ఒక బకెట్ పోస్తే సైకిల్ అయిపోతుంది" అనేది వట్టి మాట. స్పాంజ్ అయితే వారం పది రోజుల్లో ట్యాంకు నిలబడుతుంది, కాకపోతే ఆ ట్యాంకులో రోగం ఉంటే అదీ దాంతోపాటే వస్తుంది. బాటిళ్ళలో అమ్మే బ్యాక్టీరియా మీద మాత్రం అంత నమ్మకం పెట్టుకోలేం. 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త ఈ జాతి బ్యాక్టీరియాని మొదటిసారి విడదీసి చూపించాక చాలా ఏళ్ళు ట్యాంకుల్లో నైట్రైట్‌ని తినేది నైట్రోబ్యాక్టర్ అనే అనుకున్నారు, 1998లో హోవనెక్ అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు మంచినీటి అక్వేరియాల్లో చూస్తే ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని తేలింది, అంటే కొన్ని బాటిళ్ళలో అసలు పనివాడే లేడు. పైగా ప్రాణమున్న సరుకు మే నెలలో డెలివరీ వ్యాన్‌లో, షాపు అద్దం పక్కన రేకు కింద ఎన్ని రోజులు ఉడికిందో బాటిల్ మీద రాసి ఉండదు. పనిచేసేవి ఉన్నాయి, కాకపోతే పనిచేసిందో లేదో చెప్పాల్సింది కూడా టెస్ట్ కిట్టే.

కిట్ అంటే చుక్కల కిట్. స్ట్రిప్పులు తేలిక, కానీ చాలా వాటిలో అమ్మోనియా ఉండదు, అసలు కావాల్సింది అదే. ఏపీఐ బ్రాండు లాంటి లిక్విడ్ కిట్ ఒకటి కొంటే కొన్ని వందల టెస్టులు వస్తాయి, ఒక మంచి అరోవానా పిల్ల ధర పక్కన పెట్టి చూస్తే అదేం ఖర్చు కాదు. 5 మిల్లీలీటర్ల నీళ్ళు, బాటిల్ నిటారుగా పట్టుకుని లెక్కపెట్టి చుక్కలు, 5 నిమిషాలు ఆగి రంగు చూడటం, ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుగులో చూడటం. నైట్రేట్ టెస్టులోనే చాలామంది తప్పు చేస్తారు, రెండో బాటిల్‌లో పొడి అడుగున పేరుకుపోతుంది, దాన్ని అర నిమిషం గట్టిగా కుదిపి, కలిపాక ట్యూబుని నిమిషం కుదపకపోతే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, "మా ట్యాంకులో నైట్రేట్ లేనే లేదు" అని మురిసిపోవడం తప్ప లాభం లేదు. రోజూ వచ్చిన అంకెని క్యాలెండర్ మీద రాసుకోవాలి. ఒక్క రోజు అంకెకి అర్థం తక్కువ, అది ఎక్కుతోందా దిగుతోందా అన్నదే అసలు కబురు.

అమ్మోనియా అంకెని పీహెచ్ పక్కన పెట్టకుండా చదవడం కూడా సగం చదవడమే. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, అమోనియం రూపం పెద్దగా హాని చేయదు, విడి అమ్మోనియా చంపుతుంది, కిట్ రెండూ కలిపి చూపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే మొత్తంలో విషపు భాగం అర శాతం పైన ఉంటుంది, పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది, అదే పీహెచ్ 8 మీద నీళ్ళు 30 డిగ్రీలకి వేడెక్కితే 7 శాతం పైనే. అంటే కిట్‌లో ఒకే 1 పీపీఎం కనిపించినా మెత్తటి నీళ్ళున్న ఇంట్లో చేప నెట్టుకొస్తుంది, బోరు నీళ్ళున్న ఇంట్లో ఏప్రిల్ మధ్యాహ్నం దానికి పది రెట్లకి పైగా విషం తగులుతుంది. ఎండాకాలానికి ఇంకో దెబ్బ కూడా ఉంది, 25 డిగ్రీల్లో లీటరు నీళ్ళు 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకుంటే 32 డిగ్రీల్లో 7.3కి వస్తుంది. నైట్రైట్ చేసేది కూడా ఊపిరి మీద దెబ్బే, అది రక్తంలోకి పోయి ఆక్సిజన్ మోసే శక్తి లేకుండా చేస్తుంది, ఎయిర్ పంపు బుసబుసమంటున్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే ముందు నైట్రైట్ చూడాలి. తప్పనిసరై చేపలున్న ట్యాంకులో అది ఎక్కితే నీళ్ళు మారుస్తూ, 10 లీటర్లకి ఒక గ్రాము లెక్కన మామూలు ఉప్పు వేస్తే అందులో క్లోరైడ్ ఆ నైట్రైట్‌ని మొప్పల్లోకి పోకుండా చాలావరకు అడ్డుకుంటుంది. ఫైటర్, గౌరామీ మాత్రం పైన గాలి పీల్చగలవు కాబట్టి ఇలాంటి నీళ్ళలోనూ కొన్నాళ్ళు ఈడుస్తాయి. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం క్యూలో చిన్న కవర్‌లో అన్ని గంటలు బతికుండే కొరమీను పిల్లది కూడా ఇదే గుణం. "ఫైటర్ బతికింది కాబట్టి నీళ్ళు మంచివే" అనుకుని టెట్రాలు తేవడం అందుకే తప్పు.

ట్యాంకు రెడీ అని కిట్ చెప్పాక చేపల్ని మార్చడం. ముందు పాత నీళ్ళు, కొత్త నీళ్ళు రెండిటికీ పీహెచ్, టీడీఎస్ చూడాలి, ఇక్కడ మాత్రం ఆ టీడీఎస్ పెన్ను బంగారం. షాపు నుంచి గంటలో ఇంటికి తెచ్చిన చేప అయితే కవరు ట్యాంకులో పదిహేను ఇరవై నిమిషాలు తేలనిచ్చి, టీడీఎస్ తేడా ఎక్కువుంటే బకెట్‌లోకి మార్చి, ఎయిర్ ట్యూబుకి ముడి వేసి చుక్క చుక్కగా ట్యాంకు నీళ్ళు ఓ ముప్పావు గంట దింపితే సరిపోతుంది. కవరు నీళ్ళు ట్యాంకులో పోయకూడదు. కొరియర్‌లో ఒకటిన్నర రోజు ప్రయాణం చేసి వచ్చిన చేపకి మాత్రం ఈ చుక్కల పద్ధతే ముప్పు. మూసిన కవర్‌లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా పేరుకున్నా అమోనియం రూపంలో సాధుగా ఉంటుంది, కవరు విప్పి గంటసేపు గాలి తగలనిస్తే పీహెచ్ ఎక్కి అదంతా విషంగా మారుతుంది. అలాంటప్పుడు కవరు మూసి ఉండగానే వేడి సమానం చేసి, విప్పగానే వలతో తీసి ట్యాంకులో వేసేయడం మేలు.

అద్దె ఇల్లు మారేటప్పుడు ఇంకో రకం. పాత నీళ్ళు డ్రమ్ముల్లో మోసుకెళ్ళి స్పాంజిని మాత్రం నల్లా కింద బాగా పిండి కడిగి ఆరబెట్టి తీసుకెళ్ళేవాళ్ళని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు, నెలల తరబడి పెరిగిన బ్యాక్టీరియా అంతా ఆ ఒక్క కడుగుడుతో పోతుంది. స్పాంజిని ట్యాంకు నీళ్ళతోనే తడిగా, గాలి ఆడే డబ్బాలో పెట్టి అందరికంటే ఆఖర్న తీసి కొత్త ఇంట్లో అందరికంటే ముందు నడిపించాలి. పోచారంలో ఉండే నీళ్ళు మియాపూర్‌లో ఉండవు కాబట్టి ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజే అక్కడి కుళాయి నుంచి ఒక బాటిల్ పట్టుకొచ్చి టెస్ట్ చేసి పెట్టుకుంటే షిఫ్టింగ్ రోజు ఒక తలనొప్పి తగ్గుతుంది. రెండేళ్ళ పాత ట్యాంకులో ఇంకో మెలిక ఉంటుంది, నీళ్ళు సరిగ్గా మార్చక నైట్రేట్ పేరుకుని పీహెచ్ పడి ఉంటుంది, చేపలు దానికే అలవాటు పడి ఉంటాయి. వాటిని ఒక్కసారిగా కొత్త నీళ్ళలో వేస్తే మంచి నీళ్ళే దెబ్బ కొడతాయి, రెండు మూడు వారాల ముందు నుంచే కొద్దికొద్దిగా నీళ్ళు మార్చి ఆ తేడా తగ్గించుకురావాలి.

కరెంటు సంగతి మర్చిపోకూడదు. పంపు ఆగితే ఊపిరాడనిది చేపకే కాదు స్పాంజిలో బ్యాక్టీరియాకి కూడా, ఎయిర్ పంపు తినేది అయిదు వాట్ల లోపే కాబట్టి ఇన్వర్టర్ లైన్‌కి కలిపేయొచ్చు. డిసెంబర్‌లో నీళ్ళు 20, 21కి దిగితే సైకిల్ కూడా మెల్లబడుతుంది, చలికాలంలో మొదలుపెట్టేవాళ్ళు హీటర్ పెట్టి 27 దగ్గర ఉంచితే మంచిది.

చేపలు వేసిన రోజు లైటు ఆపేసి, మేత వేయకుండా వదిలేయాలి. మొదట మూడు నాలుగు చిన్న చేపలే, ఆ లోడుకి బ్యాక్టీరియా సర్దుకున్నాక పది రోజులకి ఇంకొన్ని. మర్నాడు పొద్దున్నే టెస్టు, ఆ వారమంతా రోజూ టెస్టు, ఏ రోజైనా అమ్మోనియా పసుపు నుంచి ఆకుపచ్చకి తిరిగితే మేత ఆపి, ఒక రోజు గాలి పట్టించి పెట్టుకున్న నీళ్ళతో మూడో వంతు మార్చడం. అందుకే క్లోరిన్ పోయిన నీళ్ళు ఒక టబ్బుడు ఎప్పుడూ బాల్కనీలో రెడీగా ఉండాలి, నల్లా ఏ రోజొస్తుందో, ట్యాంకర్ ఏ బోరు నుంచి తెస్తుందో మన చేతిలో లేదు కదా.